రేకు డబ్బాల్లో వచ్చిన మూకీలు: ఈసారి సరైన వేగంతో

ఫిల్మ్ సొసైటీల కాలంలో యూరప్ మూకీ అంటే ఒక రేకు డబ్బా. పుణె ఫిల్మ్ ఆర్కైవ్ నుంచో, జర్మన్ సాంస్కృతిక కేంద్రం మాక్స్ ముల్లర్ భవన్ నుంచో, ఫ్రెంచి వాళ్ల అలియాన్స్ ఫ్రాన్సేజ్ నుంచో 16 ఎం.ఎం. ప్రింటు వచ్చేది. కాలేజీ హాల్లో ఇనుప కుర్చీలు, ఎదురుగా తెల్ల తెర, వెనక బల్ల మీద ప్రొజెక్టరు గరగర. బొమ్మకి మాట లేకపోయినా హాలుకి మోత ఉండేది. ఒక రీలు అయిపోగానే లైట్లు వేసేవారు. ఆపరేటర్ కొత్త రీలు ఎక్కించేలోపు బయట ఒక చాయ్, ఒక సిగరెట్టు, ఇప్పుడే చూసిన దాని మీద సగం వాదన. మిగతా సగం తర్వాతి రీలు మార్పులో.

ఆ రోజుల మీద మమకారం ఉండాల్సిందే. కానీ మనకి అప్పుడు దక్కినవి చాలావరకు మూడో తరం, నాలుగో తరం నకళ్లు. వేగం తప్పు. రంగు లేదు. మాటలు రాసి చూపే టైటిల్ కార్డులు కొన్ని చదివేలోపే మాయం. మూకీల్లో జనం ఉరుకులు పరుగులుగా నడుస్తారని, మొహాలు సున్నం కొట్టినట్టు ఉంటాయని మనలో పాతుకుపోయిన అభిప్రాయానికి తప్పు ఆ సినిమాలది కాదు, ఆ ప్రింట్లది. కల్ట్ సినిమా పిచ్చి ఉండి, మూకీలంటే మాత్రం 'చరిత్ర పాఠం' అని పక్కన పెట్టినవాళ్లు ముందు ఈ ప్రింట్ల సంగతి తెలుసుకోవాలి. సినిమాల పేర్లు ఆ తర్వాత.

వేగం లెక్క చూద్దాం. 16 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 40 ఫ్రేములు. 400 అడుగుల రీల్లో 16,000. సెకనుకి 24 ఫ్రేముల టాకీ వేగంలో నడిపితే 11 నిమిషాల్లో అయిపోతుంది, 16లో నడిపితే దాదాపు 17 నిమిషాలు పడుతుంది. ఒకే రీలు, ఆరు నిమిషాల తేడా. ప్రొజెక్టరు మీద మూకీకీ టాకీకీ వేరే మీట ఉండేది, కానీ ప్రింటు అంచున ఎవరో సంగీతం ట్రాకు అచ్చేసి ఉంటే 24లో నడపక తప్పదు, లేకపోతే పాట సాగిపోతుంది. మీట మూకీ వైపు తిప్పినా ఇంకో చిక్కు. ప్రొజెక్టరు దీపాన్ని మూస్తూ తెరుస్తూ తిరిగే చక్రాన్ని షట్టర్ అంటారు. రెండు రెక్కల షట్టర్ ఉన్న మిషన్‌లో 16 వేగం పెడితే తెర రెపరెపలాడి కళ్లు లాగేస్తాయి. మూడు రెక్కలుంటే సెకనుకి 48 మెరుపులు పడి బొమ్మ నిలకడగా ఉంటుంది. అందుకే చాలామంది ఆపరేటర్లు మారు మాట్లాడకుండా 24లోనే లాగించేసేవారు.

అసలు కెమెరాలే చేత్తో తిప్పేవి. ఒక చుట్టుకి 8 ఫ్రేములు, సెకనుకి రెండు చుట్లు, అంటే 16. అది పేరుకే. 1920ల మధ్యకి వచ్చేసరికి 20, 22 మామూలైపోయింది, ఒకే సినిమాలో సీనుకో వేగం కూడా ఉండేది. కాబట్టి ఏ మూకీకైనా ఇదే వేగం అని ఒక్క అంకె పట్టుకు కూర్చోకూడదు.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే కాపీని పరీక్షించడానికి ఒక చిన్న లెక్క ఉంది. ఆర్కైవుల జాబితాల్లో సినిమా నిడివి మీటర్లలో ఇస్తారు. 35 ఎం.ఎం.లో మీటరుకి సుమారు 52.5 ఫ్రేములు. మీటర్లని 52.5తో గుణించి, సెకనుకి ఎన్ని ఫ్రేములో దానితో భాగించి, మళ్లీ 60తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 2,000 మీటర్ల సినిమా 18 వేగంలో 97 నిమిషాలు, 24లో 73. 18లో ఆడాల్సిన ఆ సినిమా మీ చేతిలో 73 నిమిషాలే ఉంటే అది పరుగెత్తించిన కాపీ. వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌లో వేగం 0.75 పెడితే 24 కాస్తా 18 అవుతుంది, 0.83 పెడితే 20. ట్రాకు ఎలాగూ సాగుతుంది కాబట్టి శబ్దం కట్టెయ్యండి. వేగం తగ్గించే ముందు మాత్రం ఒక్కో ఫ్రేమే ముందుకి జరిపి చూడండి. ఒకే ఫ్రేము క్రమం తప్పకుండా రెండేసి సార్లు వస్తుంటే, పునరుద్ధరించినవాళ్లు ఫ్రేములు కలిపి వేగం ముందే సరిచేశారన్నమాట. దాన్ని మళ్లీ తగ్గిస్తే మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టుంటారు.

ఇక సినిమాలు. కాలిగరి, నోస్ఫెరాతు, మెట్రోపొలిస్ లాంటి పేరున్న జర్మన్ మూకీల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు, అవి ఎలాగూ చూసే ఉంటారు.

మొదటి ఓటు ఇటలీ వాళ్ల 'మాచిస్తే ఆల్ ఇన్‌ఫెర్నో'కి. 1926లో వచ్చింది, దర్శకుడు గ్విడో బ్రిన్యోనె. మాచిస్తే నరకానికి వెళ్తాడు, బొందితోనే. యమలోకం సెట్లో యముణ్ణి, చిత్రగుప్తుణ్ణి ముప్పుతిప్పలు పెట్టిన హీరోలకి ఈలలు వేసిన తెలుగు ప్రేక్షకుడికి ఇంతకన్నా పరిచయం అక్కర్లేదు. హీరో బార్తొలొమేయో పగానో జెనోవా రేవులో మూటలు మోసిన మనిషి. 1914లో 'కబీరియా' కోసం బలశాలి బానిస మాచిస్తే వేషానికి ఎంచుకున్నారు. జనం ఆ పాత్రని ఎంత నెత్తిన పెట్టుకున్నారంటే ఆ తర్వాత పుష్కరం పాటు మాచిస్తే అక్కడికి వెళ్లాడు, ఇక్కడికి వెళ్లాడు అంటూ సినిమాలు వస్తూనే ఉన్నాయి.

ఈ నరకానికో రూలుంది. ప్రాణంతో వచ్చినవాడు మూడు రోజులు ఉండి వెళ్లిపోవచ్చు, కానీ అక్కడి ఆడదయ్యాన్ని ముద్దు పెట్టుకుంటే మాత్రం శాశ్వతంగా అక్కడే. నరకాధిపతి ప్లూటో రాణి ప్రొసెర్పినా ఊరుకుంటుందా? ముద్దు పడుతుంది, మాచిస్తే ఒళ్లంతా బొచ్చు మొలిచి దయ్యమైపోతాడు. అయినా కండబలం ఎక్కడికి పోతుంది, నరకంలో తిరుగుబాటు లేస్తే ప్లూటో తరఫున దయ్యాల గుంపుల్ని ఎత్తి కుదేస్తాడు. ట్రిక్కులు సెగుందో దె చొమోన్‌వి. స్పెయిన్ వాడు, అంతకు ముందు పారిస్‌లో పాథే కంపెనీకి మాయ సినిమాలు తీసిన చెయ్యి. ఎగిరే డ్రాగన్ మీద సవారీ చూసి అట్టబొమ్మ అని నవ్వొచ్చు, కానీ అదే సినిమాలో పొగ, మంట, గుంపు కలిసిన షాట్లు చూస్తే నవ్వు ఆగుతుంది. ఇటలీ దర్శకుడు ఫెల్లినీ తను చూసిన మొదటి సినిమా ఇదేనని, తండ్రి ఎత్తుకుని ఉండగా చూశానని పదేపదే చెప్పుకునేవాడు.

దీన్ని నలుపు తెలుపులో చూడకండి. తూరినో సినిమా మ్యూజియం, బొలోన్యా సినెమతెకా కలిసి రంగులతో పునరుద్ధరించిన కాపీ ఉంది, అదే చూడండి. మూకీల్లో రంగు అలంకారం కోసం పూసింది కాదు, కథలో భాగం. ప్రింటు కడిగాక రంగు నీళ్లలో ముంచితే జెలటిన్ పొర రంగు పీల్చుకుని తెల్లని భాగాలు నీలంగానో, ఎర్రగానో మారతాయి. ఇది టింటింగ్. రసాయనంతో వెండినే రంగు లవణంగా మారిస్తే నల్లని భాగాలు రంగెక్కి తెలుపు తెల్లగానే ఉంటుంది, అది టోనింగ్. రెండూ కలిపితే సంధ్యాకాశం. అప్పటి ఫిల్ముతో రాత్రి షూటింగ్ కష్టం, అందుకే పట్టపగలు తీసి నీలంలో ముంచేవారు. ఆ నీలం పోయిన కాపీలో మనిషి మిట్టమధ్యాహ్నం దీపం పట్టుకుని తడుముకుంటూ నడుస్తుంటాడు. మన సొసైటీ ప్రింట్లలో ఇలాంటి సీన్లకి హాలంతా నవ్విన సందర్భాలు తక్కువేం కాదు. తరవాతి దశాబ్దాల్లో ఆర్కైవులు ఖర్చుకి వెరచి, రంగు ఫిల్ము వెలిసిపోతుందని వెరచి, నలుపు తెలుపులోనే కాపీలు తీసుకున్నాయి. బ్రస్సెల్స్ ఆర్కైవులో నొయెల్ దెస్మె ఒక ఉపాయం కనిపెట్టాడు. నలుపు తెలుపు నెగెటివ్ నుంచి రంగు ఫిల్ము మీద ఒకసారి బొమ్మని, ఇంకోసారి బొమ్మ లేకుండా రంగు కాంతిని మాత్రమే అచ్చు వెయ్యడం. నేటికీ దాన్ని దెస్మె పద్ధతి అనే అంటారు.

నోస్ఫెరాతు అభిమానులు తప్పిపోకూడనిది జర్మనీ వాళ్ల 'షాటెన్', అంటే నీడలు. 1923, దర్శకుడు ఆర్థర్ రాబిసన్. కెమెరా ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్, రూపకల్పన ఆల్బిన్ గ్రావ్, నటుల్లో అలెగ్జాండర్ గ్రానాఖ్, గుస్తావ్ ఫన్ వాంగెన్‌హైమ్. నలుగురూ నోస్ఫెరాతు బృందమే. అయినా దానికి దక్కిన పేరులో పదో వంతు దీనికి దక్కలేదు. ఒక ప్రభువు, అతని భార్య, ఆమె చుట్టూ తిరిగే మగాళ్లు, ఒక రాత్రి విందు. నీడబొమ్మలాడించేవాడు ఒకడు ఆ ఇంటికొచ్చి, వీళ్ల అసూయ ఇలాగే సాగితే ఏమవుతుందో వీళ్ల నీడల చేతే ఆడించి చూపిస్తాడు. పరిచయాలయ్యాక సంభాషణల కార్డులే ఉండవు.

ఇందులో ఒక్క సీను చాలు. అద్దాల తలుపుకి తెర. తెరకి అవతల భార్య అద్దం ముందు నిలబడి ముస్తాబవుతోంది. ఆమె నీడ తెర మీద పడింది. వెనక దూరంగా నిలుచున్న మగాళ్లు గాల్లో చేతులాడిస్తున్నారు, వాళ్లు ఆమెని తాకడం లేదు. కానీ వాళ్ల చేతుల నీడలు ఆమె నీడని నిమురుతున్నాయి. ఇవతలున్న మొగుడికి కనిపించేది నీడలే. హత్య వరకూ పోయే కథకి బీజం అక్కడ పడుతుంది, ఒక్క మాట లేకుండా.

కార్డుల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కొన్ని పాత కాపీల్లో కార్డు కన్నుమూసి తెరిచేలోపు పోతుంది. ఎగుమతి నెగెటివ్‌లో ప్రతి కార్డునీ ఒకటి రెండు ఫ్రేములు మాత్రమే ఉంచేవారు, ఏ దేశం వాళ్లు ఆ దేశం భాషలో పూర్తి కార్డు అచ్చేసుకుంటారని గుర్తుగా. ఆ నెగెటివ్‌నే ఉన్నదున్నట్టు కాపీ తీస్తే కార్డు మెరిసి మాయమవుతుంది. ఆపి చదువుకోవడమే, వేరే మార్గం లేదు.

'హెక్సన్' (1922) పేరు విననివాళ్లు తక్కువే, పూర్తిగా చూసినవాళ్లు కూడా తక్కువే. డెన్మార్క్ వాడైన బెన్యమిన్ క్రిస్టెన్సెన్ స్వీడన్ డబ్బుతో తీశాడు, సైతాను వేషం తనే కట్టాడు, నాలుక ఆడించే తీరు మర్చిపోలేం. చాలామంది మొదటి అధ్యాయంలోనే దిగిపోతారు. అది పాత పుస్తకాల బొమ్మల మీద కర్ర పెట్టి చూపిస్తూ సాగే ఉపన్యాసం. అక్కడ ఓపిక పట్టాలి, ఏడు అధ్యాయాల్లో అదొక్కటే అలాంటిది. రెండో అధ్యాయం నుంచి మంత్రగత్తెల వంటిళ్లు, సైతాను జాతర్లు, చిత్రహింసల గదులు. ముసలి మరియాగా వేసిన మారెన్ పెడెర్సెన్ మొహం దగ్గర కెమెరా కదలకుండా నిలబడినప్పుడు ఇది హారర్ సినిమా అన్న సంగతి మర్చిపోతాం. కాపీ విషయంలో జాగ్రత్త. 1968లో అమెరికా రచయిత విలియమ్ బరోస్ వ్యాఖ్యానం, జాజ్ సంగీతం కలిపి 77 నిమిషాలకి కుదించిన రూపం ఒకటుంది. కల్ట్ వర్గాల్లో దానికి వేరే పేరుంది, సరదాగానూ ఉంటుంది, కానీ అది రెండోసారికి. ముందు స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పునరుద్ధరించిన గంటా ముప్పావు రూపం చూడాలి.

అదే స్వీడన్ నుంచి 1921 జనవరి 1న విడుదలైన 'ఫాంటమ్ క్యారేజ్' సినిమా విద్యార్థులందరికీ తెలుసు, కాబట్టి కథలోకి వెళ్లను. దెయ్యం బండి షాట్లు ఎలా తీశారో తెలిసి చూస్తే మాత్రం వేరే సినిమా. ల్యాబులో అతికించినవి కావవి, కెమెరా లోపలే జరిగినవి. ఛాయాగ్రాహకుడు యూలియస్ యెన్సోన్ ముందు గదిని తీస్తాడు. లెన్సు మూసి, ఫిల్ముని వెనక్కి తిప్పుతాడు. అదే ఫిల్ము మీద ఈసారి దెయ్యాన్ని తీస్తాడు. చేతి మరతో రెండుసార్లూ ఒకే వేగం తిప్పకపోతే దెయ్యం నడక గదితో కలవదు. వెలుగు కాస్త ఎక్కువైతే దెయ్యం మనిషైపోతుంది, తక్కువైతే కనిపించదు. ఒక్క చోట తప్పినా ముందు తీసిందంతా పోయినట్టే. ఒకే ఫ్రేములో ఇలాంటి పొరలు నాలుగు వరకూ ఉన్న చోట్లున్నాయి.

ఫ్రాన్స్ నుంచి రెండు. జాన్ ఎప్‌స్టైన్ 'ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్' (1928) ఎడ్గార్ ఆలన్ పో కథ. అదే ఏడాది అదే పేరుతో అమెరికాలో 13 నిమిషాల లఘుచిత్రం కూడా వచ్చింది, వెతికేటప్పుడు దర్శకుడి పేరు చూసుకోండి. పో కథలో చెల్లెలు ఇక్కడ భార్య అయింది. మొగుడు ఆమె బొమ్మ గీస్తుంటాడు, బొమ్మకి ప్రాణం వస్తున్నకొద్దీ ఆమె వాడిపోతుంటుంది. గాలికి ఎగిరే తెరల్ని స్లో మోషన్‌లో తీసిన తీరు, శవపేటిక నుంచి బయటికి వేలాడుతూ ఈడ్చుకుంటూ పోయే తెల్లని మేలిముసుగు, ఆ ఊరేగింపు మీద కొవ్వొత్తుల బొమ్మలు. ఈ సినిమాని వేగం పెంచిన కాపీలో చూస్తే స్లో మోషన్ మామూలు వేగమైపోయి సినిమాయే చచ్చిపోతుంది. తర్వాత తనే పెద్ద దర్శకుడైన స్పెయిన్ వాడు బున్యుయెల్ దీనికి సహాయ దర్శకుడిగా చేరి, పొసగక మధ్యలోనే వెళ్లిపోయాడు.

రెండోది 'మెనిల్‌మోంతాఁ' (1926). ఈ మొత్తం వరసలో ఒక్కటే చూస్తామంటే చెప్పేది దీన్నే. దర్శకుడు దిమిత్రీ కిర్సనోవ్, ఎస్టోనియాలో పుట్టి పారిస్ చేరినవాడు. 38 నిమిషాల సినిమా, కార్డు ఒక్కటీ లేదు. మొదలవడమే గొడ్డలితో జంట హత్య. తలుపు, తెర, చేతులు, గొడ్డలి, బురద, ఒక్కొక్కటీ సెకనులో చిన్న ముక్క. చంపింది ఎవరో, ఎందుకో సినిమా చివరిదాకా చెప్పదు. ఆ అమ్మానాన్నల పిల్లలిద్దరూ పారిస్ చేరాక వాళ్ల కథ. నాదియా సిబిర్స్‌కాయా పసిబిడ్డని ఒళ్లో పెట్టుకుని చలిలో పార్కు బెంచీ మీద కూర్చుంటుంది. పక్కన ఒక ముసలాయన రొట్టె, సాసేజీ ముక్కలు కోసుకు తింటున్నాడు. ఆమె వైపు చూడడు. ఒక ముక్క కోసి, చూపు తిప్పకుండానే ఇద్దరి మధ్యా బెంచీ మీద పెడతాడు. ఆమె అందుకుంటుంది, నముల్తూ ఏడుస్తుంది. దానం చేస్తున్నట్టు కనిపించకుండా దానం చెయ్యడం ఇంత క్లుప్తంగా తీసినవాళ్లు ఆ తర్వాత కూడా అరుదు.

డెన్మార్క్ నార్డిస్క్ కంపెనీ 1918లో తీసిన 'హిమ్మెల్‌స్కిబెట్' సంగతి క్లుప్తంగా. ప్రొపెల్లరున్న అంతరిక్ష నౌకలో అంగారకుడికి ప్రయాణం. అక్కడివాళ్లు తెల్లబట్టల శాకాహారులు, యుద్ధం మానేసినవాళ్లు. మనవాళ్లు వెళ్లీ వెళ్లగానే మందు సీసా తీసి, పక్షిని కాల్చి పరువు తీస్తారు. బయట మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా తీసిన సినిమా ఇది. గొప్పది కాదు, కానీ ఇలాంటిది ఇంకోటి లేదు. ఇదే కంపెనీ రష్యా మార్కెట్ కోసం కొన్ని సినిమాలకి విషాదాంతాలు విడిగా తీసి పంపేది. మిగతా దేశాలకి పెళ్లి, రష్యాకి చావు. డేనిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తమ మూకీల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది, ఇది అక్కడే మంచి కాపీలో దొరుకుతుంది.

బ్రిటన్ నుంచి ఆంథనీ ఆస్క్విత్ 'ఎ కాటేజ్ ఆన్ డార్ట్‌మూర్' (1929). మంగలి షాపులో పనిచేసే జో, అక్కడే గోళ్లకి మెరుగులు దిద్దే శాలీ, ఆమెని పెళ్లాడబోయే రైతు. ప్రత్యర్థి గొంతు మీద జో కత్తి నడిపిస్తుండగా వచ్చే కత్తిరింపుల వేగం హిచ్‌కాక్ అభిమానులకి నచ్చి తీరుతుంది. ఇంకో పొడవాటి సీనులో అందరూ సినిమా హాల్లో కూర్చుంటారు, కెమెరా తెరని ఒక్కసారీ చూపించదు, మొహాల్నే చూపిస్తుంది. మూకీ నడుస్తున్నంతసేపూ కింద వాద్యబృందం చెమటలు కక్కుతూ వాయిస్తుంది. టాకీ మొదలవగానే వాయిద్యాలు పక్కన పెట్టి పేకాటకి దిగుతారు. టాకీలు వాళ్ల కూడు లాగేస్తున్న ఏడాదే తీశారు దీన్ని.

మన గడ్డ మీద తీసిన యూరప్ మూకీ కావాలంటే జర్మన్ దర్శకుడు ఫ్రాన్జ్ ఓస్టెన్, మన హిమాంశు రాయ్‌ల 'ప్రపంచ పాశ్' (1929) ఉంది. మహాభారత జూద ఘట్టం ఆధారంగా ఇద్దరు రాజుల కథ, రాజస్థాన్‌లో తీశారు, జర్మన్, బ్రిటిష్ కంపెనీల పెట్టుబడి. నితిన్ సాహ్నీ సంగీతం కట్టిన పునరుద్ధరణ చూడండి. ఇది మిగిలింది కాబట్టి చూడగలుగుతున్నాం. 1920ల మొదట్లో మన రఘుపతి ప్రకాశ్ లండన్‌లో బార్కర్ స్టూడియోలో పని నేర్చుకుని వచ్చి మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఒక్క అడుగు కూడా మిగల్లేదు. నైట్రేట్ ఫిల్ము తీరే అంత. ముందు బొమ్మ గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత జిగురవుతుంది, నురగ కక్కుతుంది, చివరికి పొడి. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, మండడానికి కావాల్సిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. స్వీడన్‌లో 1941లో ఒక గోదాము పేలి అక్కడి మూకీ దర్శకులు షోస్ట్రామ్, స్టిల్లర్ల నెగెటివ్‌లెన్నో బూడిదయ్యాయి. తగలబడకుండా మిగిలినవాటిని వెండి కోసం కరిగించినవాళ్లూ అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

నలుగురిని పిలిచి డాబా మీద వేసేట్టయితే వరస ఇలా పెట్టండి. ముందు 'మెనిల్‌మోంతాఁ', చాయ్ విరామం, ఆ తర్వాత 'మాచిస్తే'. ఉపన్యాసం వల్ల 'హెక్సన్' గుంపుకి నప్పదు, ఒంటరిగా చూడాల్సింది. టీవీలో కదలికని నున్నగా చేసే సెట్టింగు ఏదున్నా తీసెయ్యండి, అది లేని ఫ్రేముల్ని కల్పించి 18 వేగం సినిమాని సీరియల్‌లా మారుస్తుంది. ఎవరో దొరికిన సింఫనీ అంటించిన కాపీ అయితే శబ్దం కట్టెయ్యడమే మేలు. పాత సినిమాల పండగలకి వెళ్లే వీలుంటే అక్టోబరులో ఇటలీలోని పోర్దెనోనె, జూన్ చివర్లో బొలోన్యా. పోర్దెనోనె వాళ్లు 2020 నుంచి కొన్ని సినిమాల్ని ఆన్‌లైన్‌లో కూడా వేస్తున్నారు. వీసా అక్కర్లేదు గానీ మన టైముకి రాత్రి మేలుకోవాల్సి రావచ్చు.